లుంగీ మీద దిగిన రైడర్

పటాన్‌చెరులో బస్సెక్కితే, నా పక్కన ఫ్యాక్టరీ యూనిఫాం వేసుకున్నాయన ఫోన్‌లో కబడ్డీ సినిమా చూస్తున్నాడు. హీరో దోస్తు ఆస్పత్రిలో పడగానే ఆపేశాడు.

"అన్నా, ఈ దోస్తు సస్తడా?"

ఆ సినిమా నేను చూడలేదు. అయినా అదెప్పుడు నాకు అడ్డమైంది?

"యాడ సస్తడు? ఫైనల్ రోజు సెలైన్ సీసా పట్టుకొని, లుంగీ మీదనే కూతకు పోతడు. ఎదుటోళ్లు నవ్వాపుకోలేక అవుటైతరు."

ఆయన పగలబడి నవ్వాడు. "నేను మస్తుసార్లు చూసిన. సస్తడు. ఎవరన్నా బతికిస్తరేమోనని అడుగుతున్న."

ఫోన్ జేబులో పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"మా కబడ్డీ టీమోనికి రేపు ఆపరేషన్. ఈ సినిమానే పెట్టుమంటుండు. జెర దవాఖానకొచ్చి ఆ లుంగీ ముచ్చట నువ్వే చెప్పరాదే?"

నా ఊరు ఇంకా ముందుంది. అయినా ఆయనతోపాటు దిగాను. వార్డుకు చేరేసరికి నా కథలో సెలైన్ సీసాలు రెండయ్యాయి.