ఆగని కాళ్ల జాబితా

నేను చదువుకుని చెడిపోయిన మనిషిని. చదువు రాకముందు మా ఇంట్లో ఒక మేకపోతు ఉండేది. చదువు వచ్చాక లేదు. మధ్యలో ఏం జరిగిందో చెబుతాను. మీ ఇంట్లో కూడా పోతులుంటే ముందు వాటిని కట్టేసి వచ్చి చదవండి.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. మా ఊళ్లో ఆడవాళ్లకు సాయంత్రం బడి పెడితే పోయి కూర్చున్నాను. ఆరు నెలల్లో బస్సు మీద ఊరి పేరు చదివేంతదాన్నయ్యాను. దానికే ఎక్కడ లేని పొగరు వచ్చింది. దారిలో కనిపించిన ప్రతి గోడనూ పైకి చదివేదాన్ని. పురుగుల మందు ప్రకటన కూడా చివరి అక్షరం దాకా చదివితే తప్ప అడుగు ముందుకు వేయను. నాతో కోడేరుకు పోతే తెల్లవారి బయలుదేరినా మధ్యాహ్నం అవుతుందని మా ఆయన నా వెంట రావడమే మానుకున్నాడు.

నా కాళ్ల సంగతి బయటపడింది కూడా ఆ బళ్లోనే. పగలంతా చేలో వంగి కలుపు తీసినా కిక్కురుమనని కాళ్లు, పొద్దు గూకి చాప మీద కూర్చోగానే మొదలుపెట్టేవి. పిక్కల లోపల ఎక్కడో చీమలు బారు కట్టి పోతున్నట్టు ఉండేది. గోకుదామంటే అందదు. నొప్పి అందామంటే నొప్పి కాదు. కాళ్లు ఆడిస్తే పోతుంది, ఆపితే వస్తుంది. లేచి నాలుగడుగులు వేస్తే స్వర్గం, మళ్లీ కూర్చుంటే మళ్లీ చీమలు. పడుకున్నా అంతే. మా ఆయన మంచం వాకిట్లోకి మార్చుకుని, "నీ పక్కన పండుడు, ట్రాక్టరు ఇంజను మీద పండుడు ఒక్కటే," అన్నాడు.

మా అత్త సంగెమ్మకు తెలియని రోగం లేదు. అన్ని రోగాలకూ ఆమె దగ్గర మందు ఒక్కటే.

"మైసమ్మ పట్టింది నిన్ను. పోతును మొక్కుకున్న. ఆదివారం కోసేద్దం," అన్నది.

ఆ పోతు నాది. తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచాను. దాన్ని పెబ్బేరు సంతలో అమ్మి కుట్టుమిషను కొనుక్కోవాలని నా ఆశ. కాళ్లు ఎట్లాగూ ఊరుకోవు. ఊరికే గాలిలో ఆడించే బదులు మిషను తొక్కితే నాలుగు జాకెట్లైనా తయారవుతాయి కదా. నా తెలివి అప్పుడు అట్లా పొంగి పొర్లుతుండేది.

నాగర్‌కర్నూల్ దవాఖానకు పోయాను. అక్కడి డాక్టరమ్మ అంతా విని నవ్వలేదు. సగం రోగం దానికే తగ్గింది. కనురెప్ప కిందికి లాగి చూసి, "రక్తం తక్కువున్నట్టుంది. పరీక్ష చేయించుకో, గోలీలు రాస్త," అన్నది.

"ఇది నా ఒక్కదానికే వచ్చిందా, మేడం?"

"నీ ఒక్కదానికే ఎందుకొస్తదమ్మా? మస్తు మందికి ఉంటది. ఆడోళ్లకు ఇంకా ఎక్కువ. ఎవరూ చెప్పుకోరు, అంతే. మీ ఊళ్లె అడిగి చూడు, నీకే తెలుస్తది."

ఆమె మాటవరసకు అన్నది. కొత్తగా చదువు వచ్చినదానికి మాటవరస ఎట్లా అర్థమవుతుంది? కలెక్టరు నన్ను పిలిచి పని అప్పగించినట్టే అనుకున్నాను. ఇంటికి రాగానే అత్త ముందు నిలబడ్డాను.

"అత్తా, ఇది మైసమ్మ కాదు, జబ్బు. మస్తు మందికి ఉంటదంట."

"ఎవలికున్నది? నీ ఒక్కదానికే ఉంటే మైసమ్మ. పది మందికుంటే జబ్బు."

"పది మందిని చూపెడితే పోతును ఇడిచిపెడ్తవా?"

"ఇడిచిపెడ్త. చదువొచ్చెగద నీకు. రాసుకరాపో."

మరునాడు నోటుబుక్కు చంకలో పెట్టుకుని బయలుదేరాను. మొదట పక్కింటి సాయమ్మ.

"సాయమ్మా, పొద్దు గూకినంక నీ కాళ్లల్ల చీమలు పారినట్టయితదా?"

సాయమ్మ అటూ ఇటూ చూసి తలుపు దగ్గరికి వేసింది. "నీకెవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పలే. ఉంటే చెప్పు, పేరు రాసుకుంట."

"రాసినవో, నీ బుక్కు పొయ్యిల పెడ్త. నా బిడ్డకు సంబంధం చూస్తున్నం. తల్లికి దయ్యం పట్టిందని తెలిస్తే ఎవడొస్తడు?"

ఆ పూట తొమ్మిది మంది ఆడవాళ్లను అడిగాను. నలుగురు తమకూ ఉందని గుసగుసగా చెప్పారు. నలుగురూ రాయనివ్వలేదు. డాక్టరమ్మ చెప్పింది ముమ్మాటికీ నిజం. నా పుస్తకం మాత్రం కడిగిన పళ్లెంలా ఉంది. అక్కడితో ఆగినా పోతు విషయం అత్త కాళ్లు పట్టుకుని ఎట్లాగో సర్దుకునేదాన్ని. కానీ నేను బస్టాండు వైపు పోయాను.

అక్కడ చాయ్ హోటలు ముందు నర్సింలు కూర్చుని ఉన్నాడు. ప్రభుత్వం ఆడవాళ్లకు బస్సులో టికెట్టు తీసేసిన నాటి నుంచి ఆ మనిషికి మనశ్శాంతి లేదు. ఆయన భార్య ఆధార్ కార్డు చూపించి వారం వారం వనపర్తిలోని పుట్టింటికి పోయి వస్తుంది. ఆయన డబ్బిచ్చి ఆమె పక్కన కూర్చుంటాడు.

"నర్సింలూ, సాయంత్రం కూసుంటే నీ కాళ్లు ఆగుతయా?"

"ఎందుకు రాస్తున్నవ్, బాలక్కా?"

ఇక్కడ నేను 'మా అత్తతో పందెం' అని చెప్పాలి. చెప్పానా? గొంతు సవరించుకుని, "నాగర్‌కర్నూల్ డాక్టరమ్మ అడగమన్నది," అన్నాను.

నర్సింలు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ల వైపు తిరిగి అన్నాడు. "సమజయిందా? ఆడోళ్లు ఆధార్ చూపెడితే బస్సు. ఇగ కాళ్ల జబ్బోళ్లకు గూడ పాసిస్తరన్నట్టు. మనం కాళ్లు చూపెడితే బస్సు."

పది నిమిషాల్లో నాకు కుర్చీ వచ్చింది. చాయ్ వచ్చింది. జీవితంలో మొదటిసారి నన్ను 'మేడం' అన్నారు. అప్పుడైనా 'బస్సూ లేదు, గిస్సూ లేదు' అని చెప్పి లేవాల్సింది. కానీ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మనిషికి నిజం చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

"నా కాళ్లు పారుడు కాదు మేడం, ఉరుకుతయి."

"నాకు పొద్దుగాల గూడ ఆగవు. రెండు సార్లు రాయి."

"నాకు ఒక్క కాలే. సగం టికెట్టన్న ఇస్తరా?"

ఒకాయన నలుగురి ముందూ కాళ్లు ఆడించి చూపిస్తే చెప్పు ఎగిరి చాయ్ గిన్నెలో పడింది. చివరికి వరుసలో మా ఆయన నిలబడి ఉన్నాడు. వాకిట్లో మంచం వేసుకుని గురక పెట్టే మనిషి.

"నీకేం రోగం?" అన్నాను.

"అందరికున్నదే. రాయి."

మొగుడి పేరు నోటితో అనకూడదన్నారు గానీ రాయకూడదని ఎవరూ అనలేదు. గుండ్రంగా రాశాను. మొత్తం నలభై ఏడు పేర్లు, ఒక్క ఆడమనిషి లేదు. పది అడిగితే నలభై ఏడు తెచ్చిన విజయగర్వంతో అత్త ముందు పుస్తకం తెరిచి చదివాను. ఆమె వింటూ వక్క నమిలింది. తరువాత లేచి, నన్ను వెంటబెట్టుకుని నేరుగా హోటలు దగ్గరికి పోయింది.

"నర్సింలూ, నీ కాళ్లు ఆగుతలేవంట. నిజమేనా?"

దవాఖాన విచారణ మొదలైందనుకున్నాడు నర్సింలు. "నిజమే పెద్దమ్మా, ఇగ చూడు," అంటూ ఆడించాడు. అతణ్ని చూసి పక్కవాడు, వాణ్ని చూసి ఇంకొకడు. కాసేపట్లో అక్కడున్న మగవాళ్లంతా వేడి రేకు మీద నిలబడ్డట్టు గెంతసాగారు.

అత్త నా వైపు తిరిగింది. "పది మందికుంటే జబ్బన్న. ఊరందరికుంటే జబ్బెట్లయితదే? మైసమ్మకు ఊరి మీదనే కోపమొచ్చింది. పోతు ఇయ్యకుంటే ఊకుంటదా?"

"అబద్ధం చెప్తున్నరు అత్తా."

"ఏం అయ్యా, అబద్ధమా?"

"అమ్మతోడు, నిజం," అన్నారందరూ. బస్సు పాసు ముందు అమ్మ ఎంత?

ఆదివారం నా పోతును కోశారు. జబ్బు ఉన్నవాళ్లకే ప్రసాదమని అత్త తీర్పు చెప్పింది. ఆకుల మీద నలభై ఏడు కుప్పలు పెట్టారు. జాబితా చదవడం నాకు తప్ప ఇంకెవరికీ రాదు, ఆ అక్షరాలు అట్లాంటివి. ఊరందరి ముందు నిలబడి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ, ఒక్క తప్పు లేకుండా, అనకూడని మొగుడి పేరుతో సహా నలభై ఏడు పేర్లూ చదివాను. బడిలో పాఠం చెప్పే పిల్ల చప్పట్లు కొట్టింది. అందరూ గిన్నెలు నింపుకున్నాక చూస్తే ఆకులు ఖాళీ.

"మరి నాది?" అన్నాను.

"నీ పేరున్నదా?" అన్నాడు నర్సింలు.

రెండుసార్లు వెతికాను. లేదు. ఊరందరినీ అడుగుతూ తిరిగానే గానీ, నా పేరు రాసుకోవాలని తోచలేదు.

"జబ్బు లేనోళ్లకు ఎట్లిస్తం, మేడం?" అని గిన్నె మీద మూత పెట్టుకుని పోయాడు.

డాక్టరమ్మ ఇచ్చిన గోలీలు రెండు మూడు నెలలు మింగాక నా కాళ్లు నిమ్మళించాయి. ఆ పేరు మైసమ్మకే పోయింది, నేనూ కాదనలేదు. ఒకనాడు సాయంత్రం అత్త మంచం మీద కూర్చుని, కాళ్లు ఊపుతూ ఊపుతూ నన్ను పిలిచింది. "బాలీ, జర పిక్కలు పిసుకు. చీమలు పారినట్టున్నది."

పిక్క పట్టుకుని అడిగాను. "ఎప్పటిసంది అత్తా?"

"పెండ్లయిన కాన్నుంచి. పొద్దు గూకితే అందరికుండేదే గద. గదేమన్న రోగమా?"

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మైసమ్మ మీదా, గోలీల సీసా మీదా, ఖాళీగా ఉన్న నా మేకల కొట్టం మీదా ఒట్టు వేసి చెబుతున్నాను. ఈ జన్మలో ఇంకెవరినీ మీ కాళ్లు ఆగుతున్నాయా అని అడగను. ఎవరైనా కుర్చీ వేస్తే కూర్చోను. ప్రభుత్వమే వచ్చి బతిమాలి జాబితా రాయించినా సరే, మొదటి పేరు నాదే రాస్తాను.