చక్రం వెనక రాయి

ఘాటురోడ్డులో బస్సు ఎత్తెక్కేటప్పుడు వచ్చే కమురు వాసనకు పక్క సీటువాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం మా మామ జీపు, ముసురు పట్టిన మొగిలికొండ, అవ్వ తడిసిన కొంగు ఒక్కసారిగా కళ్లముందుకొస్తాయి.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక మా అమ్మ తమ్ముడు మద్రాసు వేలంలో కొన్న మిలిటరీ జీపు అది. కార్తీకం ముసురులో వేరుశెనక్కాయలు కాల్చుకుంటూ, వేడి రాగిసంగటిలో ఉలవచారు పోసుకుంటూ, చింతగింజలు ఆడుకుంటూ గడపాల్సిన రోజుల్లో, మూడేళ్ల మా చెల్లెలికి గొంతు వాచి, ఊపిరి సన్నని ఈలలాగా రావడం మొదలైంది. అమ్మ పురిటిమంచం మీద ఉంది. వంక పొంగి రోడ్డు తెగిపోయింది. పలమనేరు ఆసుపత్రికి కొండమీది బండిదారే దిక్కు.

చెల్లెలిని ఒళ్లో పెట్టుకుని నేను మామ పక్కన కూర్చున్నాను. మామను కన్నతల్లి, మా అవ్వ మాత్రం జీపెక్కలేదు, రాయి చేతబట్టి వెనక నిలబడింది. ఎత్తులో ఎద్దులబండి వెనక ఎవరో ఒకరు రాయి పట్టుకుని నడవాలి, బండి ఆగితే చక్రం వెనక వేయాలి. జీపైనా ఆమెకు బండే.

"నాలుగు సక్రాలూ లాగుతాయి మా, రాయెందుకు? ఎక్కు!" అన్నాడు మామ.

"లాగినంతసేపు లాగుతాది. నువ్వు ముందర సూడు," అంది అవ్వ.

నాలుగు చక్రాలూ లాగేలా మామ పొట్టి గేరుకడ్డీ లాగగానే జీపు గుర్రుమని, కమురు వాసన కొడుతూ, బండలమీద నడకకన్నా నెమ్మదిగా పాకింది. కుడివైపు లోయ, మంచులో దాని అడుగు కనిపించలేదు. ఆ రొదలో చెల్లెలి ఈల వినపడక, దాని గుండెలమీద అరచెయ్యి పెట్టి, అవి పైకి లేస్తున్నాయా లేదా అనే చూస్తూ కూర్చున్నాను. అంత భయం మళ్లీ ఎన్నడూ పడలేదు.

కొండకొప్పుకు కాస్త కిందుగా, నున్నటి బండమీద ఇంజను ఆగిపోయింది. చెల్లెలి ఈల వినిపించింది. అమ్మయ్య అనుకునేలోపే జీపు వెనక్కి జారింది. మామ రెండుకాళ్లతో బ్రేకు తొక్కినా నిలవలేదు. వెనక రాయి పడిన చప్పుడు, అవ్వ గావుకేక. జీపు ఆగింది.

"సెయ్యి పడిందా మా?"

"బిడ్డ ఊపిరి తీస్తా ఉండాదా? అయితే పోనీరా!"

ఇంజను మళ్లీ అందుకుని జీపు ముందుకు కదిలాకే, అవ్వ రెండువేళ్లు చక్రం కిందనుంచి బయటికొచ్చాయి. ఆసుపత్రిలో చెల్లెలికి సూదులు వేశారు, అవ్వ చేతికి కట్టు కట్టారు. చెల్లెలు బతికింది.

ఆ రెండువేళ్లు మాత్రం మళ్లీ వంగలేదు. అవ్వ సంగటిముద్ద చేస్తే ఒకవైపు గాడి పడేది. ఆ గాడిలో నెయ్యి చక్కగా నిలుస్తుందని, అవ్వ చేసిన ముద్దకోసం చెల్లెలూ నేనూ కొట్లాడుకునేవాళ్లం.

ఇప్పుడు ఆ బండిదారిని కంప మూసేసింది. జీపు పాత ఇనుముకు పోయింది. అవ్వ లేదు. పండగకు వెళ్తే చెల్లెలే సంగటి కెలికి, ముద్ద గుండ్రంగా చేసి నా కంచంలో పెడుతుంది. పోసిన నెయ్యి పక్కలకు జారిపోతుంది.