కొండల్ రావు సారు పెట్టిన కామాలు

కొండల్ రావు సారు ముప్పై ఆరేళ్లు నల్గొండ జిల్లా బడుల్లో లెక్కలు చెప్పాడు. కూతురు విజయశ్రీ దగ్గరికి అమెరికాలోని మోరిస్‌విల్ వచ్చాక ఆయన లెక్కలకు గిరాకీ లేకుండా పోయింది. పదకొండేళ్ల మనవరాలు నైనికను శనివారం మాథ్ క్లాసులో చేర్పిస్తానంది కూతురు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు మరి! పెద్దాయనకు కడుపు మండింది. పిల్లకు నేనే చెప్తా, కావాలంటే ఒక్క లెక్క ఇచ్చి చూడండి, తప్పితే నేనే దాన్ని క్లాసుకు తోలుకుపోతానన్నాడు. తనకు డ్రైవింగ్ రాదన్న సంగతి ఆ ఊపులో మరిచిపోయాడు.

నైనిక లోపలికెళ్లి కాలిక్యులేటర్‌తో ఏదో చేసి, కాగితం మీద 25698673 అని రాసుకొచ్చింది. ఏడు, పదకొండు, పదమూడు, వీటిలో దీన్ని ఏవి భాగిస్తాయో టీ చల్లారేలోగా చెప్పాలట. భాగహారం మాత్రం చేయకూడదట.

సారు లోలోపల మురిసిపోయాడు. ఈ మూడింటికీ కలిపి ఒకటే కిటుకు ఉంది. కుడివైపు నుంచి మూడేసి అంకెలు విడగొట్టి, ఒక ముక్క కూడుతూ, పక్క ముక్క తీసేస్తూ పోవాలి. చివరికి మిగిలినదాన్ని ఏది భాగిస్తే మొత్తాన్నీ అదే భాగిస్తుంది. కిటుకు పైకి చెబుతుండగానే కలం చకచకా కామాలు పెట్టింది: 2,56,98,673. 673లోంచి 98 తీసి, 56 కలిపి, 2 తీస్తే 629. అది ఏడుకూ లొంగలేదు, పదకొండుకూ లొంగలేదు, పదమూడుకూ లొంగలేదు. ఒక్కటీ భాగించదని మీసం దువ్వాడు.

"నో తాతా, మూడూ పోతాయి. నేనే మల్టిప్లై చేశాను," అంది నైనిక.

విజయశ్రీ ఫోన్‌లో భాగించి చూసి, అవునన్నట్టు తలూపింది. ముప్పై ఆరేళ్ల సర్వీసు ఇంతేనా అని సారు సిగ్గుతో చచ్చిపోయాడు. క్లాసు ఎన్ని గంటలకని కూతుర్ని మెల్లగా అడిగాడు.

నైనిక మాత్రం ఆయన కాగితమే చూస్తోంది. కామాలు ఇక్కడెందుకు పెట్టావని అడిగి, కింద తన బడి పద్ధతిలో 25,698,673 అని రాసింది. సారు నెత్తి కొట్టుకున్నాడు. నోరు మూడేసి అంటుంటే, చెయ్యి అలవాటు కొద్దీ కోట్లూ లక్షలూ వేలూ విడగొట్టేసింది! 673కి 25 కలిపితే 698. అందులోంచి 698 పోతే సున్నా. సున్నాను మూడూ భాగిస్తాయి. కిటుకు మంచిదే, తప్పు తనదే, మాట మాటేనని ఒప్పుకుని లేవబోయాడు.

"కానీ వై తాతా? మూడు మూడు కట్ చేస్తే ఎందుకు వర్క్ అవుతుంది?"

సారు మళ్లీ కూలబడ్డాడు. ఇన్నేళ్లలో వేలమంది పిల్లలు ఈ కిటుకు రాసుకున్నారు. పరీక్షకు వస్తుందా సారూ అన్నారే తప్ప, ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఆయన కళ్లు చెమర్చాయి. కాగితం తిప్పి, ఏడును పదకొండుతో, వచ్చినదాన్ని పదమూడుతో గుణించమన్నాడు. 1001 వచ్చింది. వెయ్యికి ఒక్కటే ఎక్కువ కదా, ఇక్కణ్ణుంచే మొదలు బిడ్డా అన్నాడు.

టీ ఎప్పుడో చల్లారింది. విజయశ్రీ క్లాసు ఫారం నింపుతుంటే నైనిక తలెత్తకుండా చెప్పింది.

"మమ్మీ, క్లాస్ సండేకి మార్చు. సాటర్డే నాకు తాత దగ్గర ఉంది."