తమ్ముడి కత్తికి పట్టిన తుప్పు

బుధవారం పొద్దున ఎనిమిదీ పదికి, మెదక్‌లో మా ఇంటి మెట్ల మీద కూర్చుని, చనిపోయిన నా తమ్ముడి కత్తిని తుడిచాను. దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. సరదాకు కత్తులు కొనేవాళ్లను అంతకన్నా తక్కువ నమ్మాను.

మా తమ్ముడు యాదగిరికి ట్రాక్టర్ స్పేర్‌పార్ట్‌ల దుకాణం ఉండేది. నలభై దాటాక ఈ పిచ్చి పట్టింది. ఆన్‌లైన్‌లో తెప్పించిన, పదును లేని పొడవాటి ఉక్కు ముక్క. వారం వారం దానికి నూనె రాసి, ఫొటో తీసి, తనలాంటివాళ్లున్న వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. ఉక్కు గురించి వాళ్లు గంటల తరబడి రాసుకునేవారు. వాళ్లలో ఒక్కడూ దేన్నయినా కోసినట్టు నేను వినలేదు.

"సొరకాయన్న తెగుతదారా దీంతోని?" అని ఒకసారి అడిగాను.

"కొయ్యనీకె కాదే అన్నా, సూడనీకె," అన్నాడు.

నిజమైన పదును వాడికి ఒక్కసారే తగిలింది. చిన్నప్పుడు టేక్మాల్‌లో, వరికోతల్లో, కొడవలి. ఎడమ బొటనవేలి మీద ఏటవాలుగా మచ్చ మిగిలింది.

వాడు పోయిన నెలకే ఆ గ్రూపులోని హైదరాబాదు మనిషి ఒకడు ఫోన్ చేశాడు. సంతాపం ఒక మాట, మిగిలినదంతా కత్తి. ఆదివారం వచ్చి కొనుక్కుపోతానన్నాడు.

"కండ్ల ముంగట ఉంటె అన్నం దిగుతలేదు బావా. ఇచ్చేద్దాం," అంది యాదగిరి భార్య స్వరూప.

"చేత్తోని ముట్టకుండ్రి అన్నా. చెమట తగిలితె తుప్పు వడ్తది," అని ఆ హైదరాబాదు మనిషి ఫోన్‌లోనే హెచ్చరించాడు. అందుకే ఆ బుధవారం చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని తుడిచాను. ఎండలో రెండు వైపులా చూశాను. ఎక్కడా మరక లేదు. నూనె రాసి, ఒరలో పెట్టి, గుడ్డ చుట్టి ముడేశాను. బీరువాలో పెట్టి, తాళంచెవి నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆదివారం అతని ముందే ముడి విప్పి, కత్తి దూశాను. పిడికి జానెడు దూరంలో తుప్పు. బొటనవేలి ముద్ర. గీతలన్నీ తెలుస్తున్నాయి. వాటిని అడ్డంగా తెంచుతూ, తుప్పు పట్టని సన్నటి ఏటవాలు గీత.

అది ఎవరి వేలో నేనే నోరు జారాను. అతనికి భయం వేయలేదు. కత్తి పిడి నా చేతిలోంచి అందుకుని, ఫోన్ బయటికి తీశాడు.

"తుడువకుండ్రి అన్నా. గిసొంటి కథ ఉంటె కత్తి రేటే వేరే."

"ఫోన్ లోపలవెట్టు తమ్మీ," అంది స్వరూప. "కత్తి కిందవెట్టు. నేనియ్య."

అతను ఉత్త చేతులతో పోయాడు. అతను చేసినవాటిలో నాకు నచ్చింది అదొక్కటే.

పాత చెమట గుర్తు నూనె కింద దాగి ఉండి తర్వాత బయటపడిందని సర్దిచెప్పుకోబోయాను. కానీ బుధవారం ఎండలో చూసింది నేనే. గ్రూపులో అడిగించాను. ఉక్కు గురించి అన్నీ తెలిసినవాళ్లు దండం పెట్టే బొమ్మలు పంపారు. నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

తుడిస్తే ముద్ర పోతుందని స్వరూప భయం. తుడవకపోతే తుప్పు పాకి దాన్ని కమ్మేస్తుంది. కమ్మేస్తోంది కూడా. మచ్చ గీత ఇప్పుడు సగమే కనిపిస్తోంది. ఆ మాట ఆమెకు నేను చెప్పలేదు. ఆమె రోజూ చూస్తూనే ఉంది. మా ఇంట్లో ఆ కత్తికి ఇప్పుడెవరూ నూనె రాయరు.