సముద్రం ఒడ్డున తాగే నీళ్లు

కరోనా సద్దుమణిగిన మరుసటి చలికాలం, పదవీ విరమణకు ఇంకా ఏడాది ఉందనగా, ఆదోని బ్రాంచి నుంచి నన్ను సముద్రం ఒడ్డుకు పంపారు. నేను బ్యాంకు వాల్యుయేషన్ ఇంజనీరును. అప్పు కోరేవారి ఆస్తిని చూసి, దాని విలువెంత, ఎన్నాళ్లు నిలుస్తుంది అని రాసివ్వడం మా పని. నేనెరిగినవన్నీ ఆదోని జిన్నింగ్ మిల్లులు, ఎమ్మిగనూరు మగ్గాల షెడ్లు, ఆస్పరి మెట్ట పొలాలు. ఇసుకలో కొలత టేపు పట్టడం అదే మొదలు.

అప్పు కోరినవాడు విరూపాక్షప్ప, పత్తి వ్యాపారి. పత్తి నుంచి గింజ తీసే మిల్లు తండ్రి నాటి నుంచి వాళ్లది. ఆ దూది దుమ్ము పీల్చి పీల్చి ఆయన ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. దుమ్ముకు దూరంగా ఉండమని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని మిల్లు తాకట్టు పెట్టి, తూర్పు తీరంలో ఊళ్లకు దూరంగా ఉన్న ఒక చిన్న హోటలు కొని, భార్య గిరిజమ్మతో అక్కడే స్థిరపడాలనుకున్నాడు. లెక్క తప్పితే హోటలుతో పాటు మిల్లూ చేజారుతుంది.

అలాంటి వాటిని బుటీక్ హోటళ్లంటారట. గదులు తక్కువ, అద్దె ఎక్కువ. కనుచూపు మేరలో మరో ఇల్లు లేదు. ఒడ్డు శుభ్రంగా ఉంది, గోడలు గట్టివి, పత్రాలు సక్రమం. విరూపాక్షప్ప దంపతులూ, బ్యాంకు నుంచి వచ్చిన మా బృందమూ ఆ రాత్రి అక్కడే ఉన్నాం. పొద్దున గిరిజమ్మ నా దగ్గరికొచ్చింది. "రాత్రి మా ఆయన ఒక్కతూరి గూడా దగ్గలేదు సార్. నేనే లేసి లేసి సూసినా, ఊపిరి ఆడతాందా లేదా అని" అంది. దీన్ని రాయడానికి మా నివేదికలో గడి లేదు.

అయినా నా పని నేను చేయాలి. ఉప్పుగాలికి తలుపుల బందులు, ఏసీ పెట్టెలు తుప్పు పట్టి ఉన్నాయి. రావడానికి ఇసుక బాట ఒక్కటే. ఆస్పత్రి ఎక్కడో ఉంది. ఊపిరితిత్తులు దెబ్బతిన్న మనిషికి అది చిన్న సంగతి కాదు.

ఏ స్థలానికి పోయినా ఆ చోటి నీళ్లు అడిగి తాగడం నా అలవాటు. మెట్టప్రాంతం వాళ్లం, అంత నీరు ఒక్కచోట చూసేసరికి నీటి సంగతి అడగాలని మా బృందంలో మిగతా ఎవరికీ తోచలేదు. నేను అడిగితే సీసా నీళ్లు తెచ్చిచ్చారు. అక్కడి బావి నుంచి వచ్చే పెరటి కుళాయి నీళ్లు కావాలన్నాను.

విరూపాక్షప్ప పకపకా నవ్వాడు. "సముద్రం ముందర కూసోని నీళ్లు అడుగుతాండావేం సార్!"

నివేదిక బ్యాంకుకే తప్ప ఖాతాదారుకు చెప్పకూడదు. అందుకని ఒక్క మాటే అడిగాను: "పత్తి కొనేటప్పుడు బోరెంలో పైపత్తి చూసి ధర కడతావా అన్నా?"

పత్తి వ్యాపారి బోరెం, అంటే పత్తి నింపిన గోతం, లోతుకు చెయ్యి దూర్చి, అడుగు నుంచి పిడికెడు లాగి చూస్తాడు. విరూపాక్షప్ప లేచి ఆ కుళాయి తిప్పి, దోసిట్లో పట్టి నోట్లో పోసుకున్నాడు. ఉమ్మేశాడు. బావి ఉప్పెక్కి చాలా కాలమైందనీ, వంటకూ స్నానాలకూ ట్యాంకరే దిక్కనీ, వానల్లో ఆ బాటన ట్యాంకరు రాదనీ మేనేజరు నసుగుతూ ఒప్పుకున్నాడు.

"ఆదోనిలో ట్యాంకరుకు కాసుకోని కాసుకోని సాలయింది. ఈడా అదేనా?" అన్నాడు విరూపాక్షప్ప. గిరిజమ్మ మాత్రం సముద్రం వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. నేను తల వంచుకుని టేపు చుట్టుకున్నాను.

ఆస్తికి విలువ ఉంది, ఆదాయానికి నిలకడ లేదు అని రాశాను. అది బ్యాంకుకు చేరకముందే ఆయన దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. మిల్లును ఆయన అన్న కొడుకు చూసుకుంటున్నాడు. మిల్లు ఆడే కాలం, అంటే దుమ్ము రేగే చలికాలమంతా, భార్యాభర్తలు అదే హోటల్లో అద్దెకుంటారు. మొన్న ఆదోని బజారులో విరూపాక్షప్ప కనిపిస్తే ఆరోగ్యం ఎలా ఉందని అడిగాను.

"బాగుండా సార్. ట్యాంకరు లేటయితే మేనేజరు మీద అరుస్తా. ఓనరయ్యింటే ఎవురి మీద అరుస్తును?"

ఒక చోటు మనిషికి మేలు చేస్తుందా అన్నది ఒక ప్రశ్న, దాన్ని కొనవచ్చా అన్నది వేరొకటి. మా నివేదిక జవాబు చెప్పేది రెండోదానికే. మొదటిదానికి గిరిజమ్మ ఆ పొద్దునే జవాబు చెప్పింది.