కొమ్మకొక్క చామంతి

నా చిన్నప్పుడు మా పేటలో జరిగిన సంగతి ఇది. నా మాటల్లో సగం కోతలేనని తెలిసినవాళ్లకు కూడా చెబుతున్నాను, గోదారి తోడు, ఇందులో ప్రతి అక్షరం నిజం.

చలి మొదలయ్యేసరికి అమలాపురం చుట్టుపక్కల పెరళ్లలో బంతులు విరగబూసేవి. కంచెల వెంట డిసెంబరు పూలు ఊదారంగు పరిచేవి. వాటిని ఎవరూ పట్టించుకోనక్కర్లేదు, వాటంతట అవే పూస్తాయి. చామంతి అలా కాదు. క్రిస్మస్‌నాడు చర్చిలో ప్రభువు బల్ల మీద పెట్టడానికి మా తాతయ్య కుండీల్లో చామంతులు పెంచేవారు. ఒక్కో పువ్వు అన్నం కంచమంత. ఓ ఏడాది పువ్వు బరువుకి కుండీ ఒరిగిపోతుంటే, అవతలి అంచున నన్ను కూర్చోబెట్టి నిలబెట్టారు.

అంత పువ్వు ఊరికే రాదు. కొమ్మ చివర మొదట పుట్టిన మొగ్గను ఉంచి, దాని చుట్టూ వచ్చిన మొగ్గలన్నిటినీ గోటితో తుంచేయాలి. చెట్టు బలమంతా ఆ ఒక్కదానికే పోతుంది.

ఆ శీతాకాలమే నాన్న ఓ నిర్ణయానికొచ్చాడు. అక్క పదో తరగతి, క్లాసులో ఎప్పుడూ ఫస్టు. నేను ఏడు, ఎలాగో గట్టెక్కేవాణ్ణి. ఇద్దరినీ చదివించడం తనవల్ల కాదన్నాడు. నన్ను అమలాపురం హాస్టల్లో వేస్తారు. అక్క పదితో ఆపేసి, అమ్మతోపాటు కొబ్బరిపీచు తాళ్ల పనికి వెళ్లాలి.

నాన్న ఎదురు చెప్పనిది తాతయ్యకొక్కరికే. అందుకే మర్నాడు పొద్దున్నే అక్క కుండీల దగ్గరికి వెళ్లింది. ఆయన గొంతుక్కూర్చుని మొగ్గలు తుంచుతున్నారు. నాన్నకి ఒక్క మాట చెప్పి చూడమని బతిమాలింది. ఆయన తలెత్తలేదు.

"కొమ్మకి ఒకటే ఉంచాలమ్మా. అన్నీ ఉంచితే ఏదీ ఎదగదు."

అక్క ఆయన పంచెలో పడిన పచ్చి మొగ్గలకేసి కాసేపు చూసింది.

"ముందు పుట్టిందే కదండీ ఉంచుతారు?"

"ఆయ్. ముందు పుట్టిందే."

"నేను ముందు పుట్టేనండి, తాతయ్యా."

తాతయ్య చెయ్యి ఆగిపోయింది. ఆయన కళ్లు తడిశాయి. క్రిస్మస్‌నాడు అన్నిటికన్నా పెద్ద పువ్వును కోసి, బల్ల మీద పెట్టకుండా, అందరూ చూస్తుండగా అక్క జడలో పెట్టారు.

కంచమంత పువ్వును మీరెలాగూ నమ్మరు, దాన్ని వదిలేయండి. నేను కల్పించింది ఈ చివరి ముక్క. ఆయన చెయ్యి ఆగలేదు. పంచె దులుపుకుని పక్క కుండీకి జరిగారు. పువ్వు బల్ల మీదికే వెళ్లింది. నేను హాస్టలుకి, అక్క పీచు పనికి.

నేను ఉద్యోగస్తుణ్ణయ్యాక, ఓ పండగనాడు పిల్లలందరికీ ఈ కథ ఇలాగే, తాతయ్య చేత అక్క జడలో పువ్వు పెట్టించి చెప్పాను. అక్క గుమ్మంలో కూర్చుని వింటోంది. అబద్ధమని ఆమెకు తెలుసు. పీచు లాగి లాగి బండబారిన వేళ్లతో జడ సవరించుకుని, నెమ్మదిగా అడిగింది.

"ఏ పక్కన పెట్టేరురా?"

ఇన్ని కోతలు కోసేవాణ్ణి, దానికి మాత్రం ఇప్పటికీ జవాబు కల్పించలేకపోయాను.