నోట్లో పిల్లలున్న చేప

ఎదురింటి వదినగారు ఈ రోజు కూడా మధ్యాహ్నం క్యారియర్ తెచ్చారు. నిన్నటిది విప్పకుండానే ఉండటం చూసి, దాన్ని పక్కకు జరిపి కొత్తది పెట్టారు. గాజుతొట్టెలో వేసిన మేత ముట్టని సముద్రపు చేపను చూసి మాత్రం ఆగిపోయారు.

"ఇది కూడా మేత మానేసిందేంటండీ? కార్తీక సోమవారం ఉపవాసం నాకు గానీ, దీనికేమొచ్చింది?"

"ఇది తండ్రిచేపండీ. ఆడచేప పెట్టిన గుడ్లను నోట్లో దాచుకుంది. పిల్లలు బయటికొచ్చేదాకా ఏమీ తినదు."

ఆ తొట్టె నా భార్య ముచ్చట. ఓడలరేవు నుంచి బస్సులో డబ్బాలతో ఉప్పునీళ్లు తెప్పించేది. చేపలు గుడ్లు పెట్టడం మాత్రం ఆమె పోయాకే. తండ్రిచేప ఆకలికి వాటిని మింగేస్తుందేమోనని నా భయం.

వదినగారు చేపను చూశారు. తర్వాత క్యారియర్‌ను చూశారు.

"దానికైతే నోట్లో పిల్లలున్నారు. మీ నోట్లో ఏముందండీ మరిదిగారూ?"

కంచం తెచ్చుకుని కూర్చున్నాను. ఆవిడ పప్పుచారు పోశారు.

సాయంత్రం చేప నోరు తెరిచింది. ఆవగింజలంత కళ్లతో పిల్లలు బయటికొచ్చాయి. చెంబుతో వాటిని వేరే తొట్టెలోకి మార్చి, తండ్రికి రొయ్యపొట్టు వేశాను. తిన్నాడు.

ఆ కబురు చెప్పడానికి ఖాళీ క్యారియర్ కడిగి పట్టుకెళ్లాను. ఆవిడ ప్రశ్నకు మీరైతే ఏం చెప్పేవారు?